మినుము వేరుబుడిపెల నుంచి హైడ్రోజన్: నికెల్ మందు చల్లాలా?

ప్రశ్న: మాది తెనాలి దగ్గరి పల్లె. వరి కోతకు ముందు మాగాణిలో మినుము చల్లుతాం. వేరుబుడిపెలు నత్రజనిని పట్టేటప్పుడు హైడ్రోజన్ వాయువును వదులుతాయని, దాంతో పైరు బలం వృథా అవుతుందని ఒక శిక్షణలో విన్నాను. నికెల్ ఉన్న మందు కొడితే ఆ వృథా ఆగుతుందని దుకాణంలో చెబుతున్నారు. నిజమేనా? ఆ వాయువు తర్వాతి వరికి హాని చేస్తుందా?

జవాబు: బుడిపెల నుంచి హైడ్రోజన్ వెలువడడం నిజమే. బుడిపె లోపలి బ్యాక్టీరియాలో ఉండే నైట్రోజినేజ్ అనే ఎంజైము ఒక నత్రజని అణువును రెండు అమ్మోనియా అణువులుగా మార్చే ప్రతిసారీ కనీసం ఒక హైడ్రోజన్ అణువు కూడా పుడుతుంది. అందుకు ఖర్చయ్యే ఎనిమిది ఎలక్ట్రాన్లలో ఆరు నత్రజనికి చేరితే, రెండు హైడ్రోజన్‌కు పోతాయి. ఇది తెగులు కాదు, పోషక లోపమూ కాదు. ఆ ఎంజైము పనిచేసే తీరే అంత. ఈ పనికి కావలసిన శక్తి అంతా ఆకులు తయారుచేసి వేర్లకు పంపిన చక్కెర నుంచే రావాలి కాబట్టి, అందులో తక్కువలో తక్కువ నాలుగో వంతు హైడ్రోజన్ కిందే పోతుందన్న మాట. 1976లో అమెరికాలో షుబర్ట్, ఇవాన్స్ అనే శాస్త్రవేత్తలు పలు పప్పుజాతి మొక్కల బుడిపెలను పరీక్షించినప్పుడు, చాలా వాటిలో ఈ నష్టం 40 నుంచి 60 శాతం దాకా ఉన్నట్లు తేలింది. అలసంద బుడిపెలు మాత్రం దాదాపు ఏమీ వదలలేదు.

అలసంద బుడిపెలలోని బ్యాక్టీరియాకు హైడ్రోజినేజ్ అనే మరో ఎంజైము ఉండడమే దానికి కారణం. అది పుట్టిన హైడ్రోజన్‌ను అక్కడికక్కడే పట్టి, ఆక్సిజన్‌తో కలిపి నీరుగా మారుస్తూ, పోయిన శక్తిలో కొంత తిరిగి రాబడుతుంది. మినుము, పెసరలకు బుడిపెలు కట్టే బ్యాక్టీరియా కూడా అలసంద వర్గానివే గాని, వాటిలో అన్ని రకాలకూ ఈ గుణం ఉండదు. పైగా ఇందులో మొక్క పాత్ర కూడా ఉంది: ఒకే బ్యాక్టీరియా అలసంద వేరులో హైడ్రోజన్‌ను తిరిగి వాడుకుని, సోయాచిక్కుడు వేరులో వాడుకోకపోవడాన్ని పరిశోధకులు గమనించారు.

ఇక నికెల్ సంగతి. హైడ్రోజినేజ్ తయారీకి నికెల్, ఇనుము రెండూ కావాలి కనుక దుకాణదారు మాటకు ఆధారం లేకపోలేదు. అయితే కావలసింది అతి స్వల్పం. నేలలో సహజంగా ఉండేదే సాధారణంగా సరిపోతుంది. బ్యాక్టీరియాకు ఆ గుణమే లేనప్పుడు ఎంత నికెల్ పోసినా అది రాదు, మోతాదు మించితే మాత్రం ఆ లోహమే పైరుకు విషమవుతుంది. కాబట్టి ఆ మందు కొనవద్దనే నా సలహా.

వరికి హాని గురించి బెంగ అక్కరలేదు. బుడిపె దాటి వచ్చిన హైడ్రోజన్‌ను కొన్ని సెంటీమీటర్ల లోపే మట్టిలోని ఇతర సూక్ష్మజీవులు తినేస్తాయి. వాటిలో కొన్ని వేర్ల ఎదుగుదలకు తోడ్పడతాయని, పప్పుజాతి పైరు తర్వాత వేసిన పంట బాగుండడానికి ఇది కూడా ఒక కారణమని కెనడాలో జరిగిన పరిశోధనలు సూచించాయి. కానీ మీ పొలంలో మినుము కోతకు, వరి నాట్లకు మధ్య ఎండాకాలమంతా గడిచి, ఆపైన దమ్ము కూడా చేస్తారు కాబట్టి, ఈ మేలును లెక్కలో వేసుకోకుండా, మిగిలిన వేర్లు, రాలిన ఆకులు మట్టిలో కుళ్లి ఇచ్చే నత్రజనినే నమ్ముకోవడం మంచిది.

మీ చేతిలో ఉన్నది బుడిపెలు బాగా కట్టేలా చూడడం. నెలల తరబడి నీరు నిలిచిన మాగాణిలో బుడిపెలు కట్టే రైజోబియం బ్యాక్టీరియా సంఖ్య తగ్గే అవకాశం ఉంది గనుక, ఏటా విత్తనానికి ఆ బ్యాక్టీరియా ఉండే కల్చర్ పట్టించండి. 8 నుంచి 10 కిలోల విత్తనానికి 200 గ్రాముల పొట్లం చాలు. చల్లార్చిన బెల్లం పాకంతో కలిపి పట్టించి, నీడలో ఆరబెట్టి చల్లాలి. శిలీంధ్రనాశిని, పురుగుమందు కూడా పట్టించేటట్లయితే వాటిని ముందు పట్టించి ఆరనిచ్చి, కల్చర్‌ను చివరనే కలపాలి. ఈ వరుస తప్పితే కల్చర్ పనిచేయకపోవచ్చు.

నెల రోజుల పైరులో నాలుగైదు మొక్కలను పీకకుండా మట్టిగడ్డతో సహా తవ్వి, బకెట్ నీళ్లలో ముంచి కడిగి, బుడిపెలను గోటితో చీల్చి చూడండి. లోపల గులాబీ లేదా ఎరుపు రంగు ఉంటే నత్రజని స్థిరీకరణ జరుగుతున్నట్లే. తెల్లగానో ఆకుపచ్చగానో ఉండి, ఆకులు కూడా పాలిపోయి ఉంటే, లీటరు నీటికి 20 గ్రాముల యూరియా కలిపి పైరుపై పిచికారీ చేయండి.