డ్రమ్ కోర్ వేసవి టూర్‌కి అమ్మాయిని పంపాలా?

ప్రశ్న: మేము టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మా అమ్మాయి 11వ తరగతి. స్కూల్ మార్చింగ్ బ్యాండ్‌లో మెలోఫోన్ (ట్రంపెట్ లాంటి ఇత్తడి వాద్యం) వాయిస్తుంది. వచ్చే వేసవిలో డ్రమ్ కోర్‌లో, అంటే ఊరూరా తిరుగుతూ పోటీల్లో పాల్గొనే మార్చింగ్ బృందంలో చేరి రెండున్నర నెలలు బస్సులో దేశమంతా తిరుగుతానంటోంది. ఐదు వేల డాలర్లు మనమే కట్టాలట, పడుకునేది స్కూల్ జిమ్‌లలో నేల మీదట. 12వ తరగతికి ముందు వేసవి కదా, ఇంటర్న్‌షిప్ లాంటిదేదైనా చేయాల్సిన సమయం. కంప్యూటర్ సైన్స్ అనుకున్న పిల్ల ఈ మధ్య బ్యాండ్ టీచర్ అవుతానని కూడా అంటోంది. మేం శాకాహారులం. పైగా వచ్చే వేసవిలో గుంటూరు వస్తామని మా అమ్మావాళ్లకు మాట ఇచ్చాం. మావారు వద్దంటున్నారు. నాకేమో టెన్షన్‌గా ఉంది. పంపమంటారా?

జవాబు: పంపమనే అంటానమ్మా. అయితే కాలేజీ అప్లికేషన్‌లో గొప్పగా కనబడుతుందని మాత్రం పంపకండి. ఆ లెక్కతో వెళ్లిన పిల్లలకు జూన్ దాటకముందే ప్రాణం విసిగిపోతుంది. మీ అమ్మాయికి నచ్చింది ఆగస్టులో స్టేడియం లైట్ల కింద జరిగే షోనా, దాని వెనక ఉన్న రిహార్సలా అన్నది ముందు తేలాలి. షో పది పన్నెండు నిమిషాలు. మిగతా వేసవంతా రిహార్సలే.

మీవారికి చెప్పడానికి పనికొస్తుంది కాబట్టి ఇదేమిటో కాస్త వివరిస్తాను. ఈ పోటీలు నడిపేది డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్, అందరూ డీసీఐ అంటారు. మొదటి ఛాంపియన్‌షిప్ 1972లో విస్కాన్సిన్‌లోని వైట్‌వాటర్‌లో జరిగింది. ఇప్పుడు ఫైనల్స్ ఏటా ఆగస్టు రెండో వారంలో ఇండియానాపొలిస్‌లోని లూకస్ ఆయిల్ స్టేడియంలో జరుగుతాయి. ఒక్కో పెద్ద కోర్‌లో నూట యాభై మందికి పైగా ఉంటారు. ట్రంపెట్, మెలోఫోన్, ట్యూబా లాంటి ఇత్తడి వాద్యాలు, రకరకాల డ్రమ్ములు, జెండాలు తిప్పే కలర్ గార్డ్ ఉంటాయి. ఫ్లూట్, క్లారినెట్ ఉండవు. 22 ఏళ్ల దగ్గర వయోపరిమితి ఉంటుంది కాబట్టి ఎక్కువమంది కాలేజీ పిల్లలే. మీ అమ్మాయి చిన్నవాళ్లలో ఒకతె అవుతుంది. మొత్తం నూరు మార్కులు. షో కలిగించే ప్రభావానికి 40, కదలికకు 30, సంగీతానికి 30. పదో వంతు మార్కుతో స్థానాలు తారుమారవుతాయి. ఇప్పటిదాకా అత్యధికం 2014లో కాలిఫోర్నియా కోర్ బ్లూ డెవిల్స్ తెచ్చుకున్న 99.65. ఆ పదో వంతు కోసమే పిల్లలు వేసవంతా ఎండలో నిలబడతారు.

ఇక అసలు రోజు ఎలా ఉంటుందో చూడండి. మే రెండో సగంలో అందరూ ఒకచోట చేరతారు. జూన్ చివర్లో పోటీలు మొదలయ్యేదాకా స్ప్రింగ్ ట్రైనింగ్, రోజుకు పది పన్నెండు గంటల సాధన. పొద్దున్నే టిఫిన్, వ్యాయామం, పరుగు. తర్వాత గ్రౌండ్ మీద నడక. ప్రతి ఒక్కరి నడుముకో మెడకో చిన్న పుస్తకం వేలాడుతుంటుంది. షోలో ఏ క్షణాన మైదానంలోని ఏ గీతకు ఎన్ని స్టెప్పుల దూరంలో నిలబడాలో అందులో రాసి ఉంటుంది. మామూలు స్టెప్ అంటే ఐదు గజాలకు ఎనిమిది, అంటే ఒక్కోటి 22.5 అంగుళాలు. తల కిందికి దించకుండా, పైశరీరం కదలకుండా, పెదవుల దగ్గర వాద్యం ఊగకుండా ఆ కొలత పడాలి. వెనక స్పీకర్‌లో మెట్రోనోమ్, అంటే లయ చూపే యంత్రం, టకటక కొడుతూనే ఉంటుంది. పది సెకన్ల ముక్క వాయించగానే మైకులో "రీసెట్" అంటారు. అందరూ పరుగున మొదటి చోటికి వెళ్లాలి. ఆ పది సెకన్లకే ఒక్కోసారి అరగంట పడుతుంది. పెద్ద నీళ్ల సీసా పక్కనే ఉంటుంది, గబగబా రెండు గుక్కలు తాగి మళ్లీ వరుసలోకి రావాలి.

టూర్ మొదలయ్యాక దీనికి ప్రయాణం తోడవుతుంది. రాత్రి షో అయ్యాక యూనిఫాం విప్పి, ఆ రోజుకి నాలుగో భోజనం తిని, సామాను ట్రక్కులకెక్కించి, బస్సెక్కేసరికి అర్ధరాత్రి అవుతుంది. తెల్లవారుజామున ఇంకో ఊళ్లో ఏదో స్కూల్ ముందు బస్సు ఆగుతుంది. సగం నిద్రలో స్లీపింగ్ బ్యాగ్ మోసుకుంటూ జిమ్‌లోకి వెళ్లి మిగతా నిద్ర అక్కడ పూర్తి చేస్తారు. లేవగానే మళ్లీ గ్రౌండ్. స్నానం స్కూల్ లాకర్ రూమ్‌లో. బట్టలు ఉతుక్కోవడానికి, ఊరు చూడటానికి దొరికే ఖాళీ రోజులు చాలా తక్కువ.

ఇది చదివి మీ అమ్మాయి మొహంలో ఉత్సాహం తగ్గకపోతే సగం జవాబు దొరికినట్టే. మిగతా సగం ఆడిషన్ క్యాంపులో దొరుకుతుంది. నవంబరు, డిసెంబరుల్లో శని, ఆదివారాల్లో ఇవి జరుగుతాయి. రెండు రోజుల్లో అక్కడి రిహార్సల్ రుచి తెలుస్తుంది. ఆదివారం సాయంత్రం అలసిపోయి కారెక్కిన పిల్ల "మళ్లీ ఎప్పుడు?" అంటుందా, మాట్లాడకుండా ఫోన్ చూసుకుంటుందా గమనించండి. సీటు రావడం రాకపోవడం తర్వాత సంగతి.

ఆ ఆడిషన్‌కి ఈ ఏడాదే పంపండి. 12వ తరగతి అయ్యాక చూద్దామంటే ఆ వేసవీ అంత ఖాళీగా ఉండదు. కాలేజీ ఓరియెంటేషన్లు జూన్, జులైల్లోనే పెడతారు. ఆ తర్వాత కంప్యూటర్ సైన్స్ చదివితే వేసవులన్నీ నిజమైన, జీతమిచ్చే ఇంటర్న్‌షిప్‌లకు పోతాయి, పోవాలి కూడా. ఈసారి సీటు రాకపోయినా నష్టం లేదు. ఏం దిద్దుకోవాలో అక్కడే చెబుతారు. ఆ కోర్ పద్ధతి తెలుసుకుని మరుసటి ఏడాది వెళ్లినవాళ్లకు అవకాశం మెరుగు. కొంచెం చిన్నవైన ఓపెన్ క్లాస్ కోర్‌లూ ఉన్నాయి. వాటి టూర్, ఫీజు రెండూ తక్కువ. మొదటిసారి వెళ్లే హైస్కూల్ పిల్లలకు నేను వాటినే ఎక్కువగా చెబుతుంటాను.

సీటు వస్తే ఒక షరతు గట్టిగా పెట్టండి. మే నెలలోపు కాలేజీ ప్రవేశాలకు రాసే శాట్ పరీక్ష అయిపోవాలి, కాలేజీ వ్యాసాల్లో ముఖ్యమైనవి రెండైనా చిత్తుప్రతిగా చేతిలో ఉండాలి. చాలా కాలేజీలకు ఒకే దరఖాస్తు పంపే కామన్ యాప్ ఆగస్టు 1న తెరిచినా వ్యాసాల ప్రశ్నలు చాలా ముందే తెలిసిపోతాయి, వసంతంలోనే రాసుకోవచ్చు. "టూర్‌లో బస్సులో రాసుకుంటాను" అంటే నమ్మకండి. బస్సులో నిద్ర తప్ప ఏదీ సాగదు. ఫైనల్స్ అయి ఇంటికి వచ్చే వేళకి స్కూల్ కూడా తెరిచేస్తారు. యూటీ ఆస్టిన్ (ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్) మనసులో ఉంటే ఇంకో మాట. 2026లో చేరేవాళ్ల నుంచి ఆటోమేటిక్ అడ్మిషన్ క్లాసులో పై 5 శాతానికే. అది కూడా యూనివర్సిటీకే గానీ కంప్యూటర్ సైన్స్ సీటుకి హామీ కాదు. అందుకే మార్కులు, ర్యాంకు ఈ రెండు సెమిస్టర్లలో జారకూడదు. ఎంపికయ్యాక కూడా నెలనెలా ఒక శని, ఆదివారం క్యాంపుకి పోతుంది, ఆ వారాల్లో హోంవర్క్ ఎలా సర్దుకుంటుందో తననే కాగితం మీద రాసిమ్మనండి.

కాలేజీవాళ్లు దీన్ని ఎలా చూస్తారంటే, ఒకే పనిలో ఏళ్ల తరబడి నిలబడిన పిల్లలంటే వాళ్లకు గౌరవం ఉంది. డ్రమ్ కోర్ అందుకు మంచి రుజువు. కానీ కంప్యూటర్ సైన్స్ మీద ఆసక్తికి ఇది రుజువు కాదు. దానికి స్కూల్ రోజుల్లోనే క్లాసులు, సొంతంగా చేసిన ప్రాజెక్టు ఉండాలి. ఇక 16 ఏళ్ల పిల్లలకు దొరికే ఇంటర్న్‌షిప్ సంగతి మీకూ తెలుసు. తెలిసినవాళ్ల కంపెనీలో ఆరు వారాలు కూర్చుని తెచ్చుకునే సర్టిఫికెట్ కన్నా, పేరున్న యూనివర్సిటీ ఆవరణలో వేలకు వేలు తీసుకుని నడిపే సమ్మర్ ప్రోగ్రామ్ కన్నా ఇది నాకు ఎంతో విలువైనదిగా కనబడుతుంది. తను ఎంత శ్రమకు తట్టుకోగలదో ఆ పిల్లకే తెలిసొస్తుంది.

బ్యాండ్ టీచర్ మాట వినగానే మీవారు కంగారుపడి ఉంటారు. డ్రమ్ కోర్ అన్నది జీవనోపాధి కాదు. అక్కడ నేర్పించేవాళ్లలో ఎక్కువమందికి అది వేసవి పని మాత్రమే. అసలు ఉద్యోగం స్కూళ్లలో ఉంది. టెక్సాస్‌లో పెద్ద హైస్కూల్‌కి ఒక్కరు కాదు, ముగ్గురు నలుగురు బ్యాండ్ డైరెక్టర్లుంటారు. మ్యూజిక్ ఎడ్యుకేషన్ డిగ్రీ, టీచర్ సర్టిఫికేషన్ కావాలి. మీకు దగ్గర్లోనే, డెంటన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ నార్త్ టెక్సాస్ సంగీతానికి పేరున్న చోటు. డాలస్ చుట్టుపక్కల స్కూల్ డిస్ట్రిక్టుల్లో కొత్త టీచర్ జీతం ఏడాదికి 60,000 డాలర్ల ప్రాంతంలో మొదలవుతుంది, బ్యాండ్ పనికి అదనంగా కొంత ఇస్తారు. సాఫ్ట్‌వేర్ జీతం కాదు, కానీ గౌరవమైన, స్థిరమైన ఉద్యోగం. పనిగంటలు మాత్రం ఎక్కువ. ఆగస్టు నుంచి నవంబరు దాకా శుక్రవారం రాత్రులు, శనివారాలు పిల్లలతోనే. ఇది ఇష్టమా కాదా అని తేల్చుకోవడానికి టూర్‌ని మించిన పరీక్ష లేదు. ఇంజనీరింగ్ చదువుతూ వేసవుల్లో కోర్‌లో వాయించేవాళ్లూ చాలామంది ఉన్నారు, కాబట్టి వెళ్లినంత మాత్రాన దారి మారిపోతుందని భయపడక్కర్లేదు.

ఫీజు పెద్ద కోర్‌లలో సుమారు 4,000 నుంచి 6,000 డాలర్లు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. శీతాకాలపు క్యాంపులకు విమానం ఖర్చులు, బూట్లు, గ్లవ్స్ వేరు. వాయిదాల్లో కట్టొచ్చు, స్కాలర్‌షిప్‌లు ఉంటాయి, అడగాలి. డబ్బు కట్టేముందు రిఫండ్ నిబంధన చదవండి. ఎంతో పేరున్న శాంటా క్లారా వాన్‌గార్డ్ కూడా ఆర్థిక ఇబ్బందులతో 2023 సీజన్ ఆపేసి 2024లో తిరిగొచ్చింది. అలాంటిది జరిగితే మీ డబ్బు ఏమవుతుందో ముందే తెలిసి ఉండాలి.

డబ్బుకన్నా నేను ఎక్కువ పట్టుబట్టేది భద్రత గురించి. మీ ఉత్తరంలో ఆ మాట లేదు, కానీ ఆడపిల్లయినా మగపిల్లాడైనా ఇది అడగకుండా పంపొద్దు. 1934లో న్యూజెర్సీలో మొదలైన ది కేడెట్స్ అన్న కోర్ ఎన్నోసార్లు ఛాంపియన్. 2018లో దాని డైరెక్టర్ మీద పలువురు మహిళలు లైంగిక వేధింపుల ఆరోపణలు చేశారు, ఆయన రాజీనామా చేశారు. 1980ల నాటి మరో వేధింపుల కేసు భారం కూడా తోడై 2024లో ఆ కోర్ మూతపడింది. ఈ రంగంలో కళ్లు తెరిపించిన ఘటన అది. మీరు ఎంచుకునే కోర్‌ని మొహమాటం లేకుండా అడగండి. స్టాఫ్, వాలంటీర్లు అందరికీ బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేస్తున్నారా? పెద్దవాళ్లు ఒంటరిగా ఒక పిల్లతో ఉండకూడదన్న నియమం ఉందా? 18 నిండని పిల్లలు ఎక్కడ, ఎవరి పర్యవేక్షణలో పడుకుంటారు? ఫిర్యాదు చేయాలంటే కోర్ బయట ఎవరున్నారు? గాయాలు, నొప్పులు చూసే అథ్లెటిక్ ట్రైనర్ టూరంతా వెంట ఉంటారా, ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు రిహార్సల్ ఎప్పుడు ఆపేస్తారు? సూటిగా జవాబు చెప్పని చోట, ఎంత పేరున్నదైనా, డబ్బు కట్టకండి. అలాగే మీ అమ్మాయితో ముందే ఒక మాట అనుకోండి. ఏ రోజైనా "ఇంటికొచ్చేస్తాను" అంటే కారణం అడక్కుండా టికెట్ కొంటామని, కట్టిన డబ్బు గురించి ఆ తర్వాత కూడా ఎత్తమని. ఆ మాట తండ్రి నోటి నుంచి వస్తే మరీ మంచిది.

తిండి గురించి మరీ దిగులొద్దు. వంటశాలలా అమర్చిన పెద్ద ట్రక్కు కోర్‌తో పాటే తిరుగుతుంది, రోజుకు నాలుగు పూటలు పెడతారు. శాకాహారమని ఫారంలో రాయడంతో ఆగకుండా వంట చూసేవాళ్లతో ఒకసారి మాట్లాడండి. గుడ్డు తింటుందా, పాలు సరిపడతాయా, ప్రొటీన్‌కి ఏం పెడతారు అన్నవి తేల్చుకోండి. ఆ ట్రక్కులో వంట చేసేది చాలావరకు వాలంటీర్లు, తల్లిదండ్రులు. వీలైతే మీరే నాలుగైదు రోజులు వెళ్లి పనిచేయండి. జులైలో శాన్ ఆంటోనియోలోని ఆలమోడోమ్‌లో పెద్ద పోటీ ఉంటుంది, టెక్సాస్ రోజులు మీకు అనుకూలం. ఉల్లిపాయలు తరుగుతూ, వరసలో వచ్చే పిల్లల మొహాలు చూస్తే ఆ కోర్ ఎలా నడుస్తోందో ఏ వెబ్‌సైటూ చెప్పనంత తెలుస్తుంది. మీవారిని కూడా తీసుకెళ్లండి.

ఒంటిని ముందునుంచే సిద్ధం చేయాలి. ఫిబ్రవరి నుంచి వారానికి నాలుగైదు రోజులు పరుగు, మార్చి చివరినుంచి కొంతసేపు ఎండలో. చెవులకు ఇయర్‌ప్లగ్‌లు తప్పనిసరి. డ్రమ్ముల పక్కన రోజూ గంటల తరబడి నిలబడితే వినికిడి దెబ్బతింటుంది, పోయినది తిరిగి రాదు.

గుంటూరు ప్రయాణం డిసెంబరు సెలవులకు మార్చుకోండి. క్యాంపు తేదీలు చూసుకుని టికెట్లు తీయండి. అమ్మమ్మగారికి నిరాశే, కానీ టూర్ మధ్యలో పదిరోజులు సెలవడిగితే ఎవరూ ఇవ్వరు. మైదానంలో ప్రతి ఒక్కరికీ ఒక చోటు ఉంటుంది, మనిషి లేకపోతే అక్కడ ఖాళీయే కనబడుతుంది.

అన్నిటికన్నా ముందు, ఈ వారంలోనే స్కూల్ బ్యాండ్ డైరెక్టర్‌ని కలవండి. టెక్సాస్ స్కూళ్లలో ఆగస్టు మొదట్లోనే మార్చింగ్ సాధన మొదలవుతుంది, మీ అమ్మాయి అప్పటికి ఇంకా టూర్‌లోనే ఉంటుంది. 12వ తరగతిలో సెక్షన్ లీడర్ (తన వాద్యం వాయించే పిల్లలకు నాయకురాలు) అవ్వాలనుకుంటే ఆ రెండు వారాలు లేకపోవడం అడ్డవుతుందేమో ఇప్పుడే అడగాలి. చాలామంది డైరెక్టర్లు తమ రోజుల్లో కోర్‌లో వాయించినవాళ్లే, సాయం చేస్తారు. మీ అమ్మాయికి ఏ కోర్ సరిపోతుందో, ఆడిషన్‌కి ఏం సాధన చేయాలో నాకన్నా, మీకన్నా ఆయనకు బాగా తెలుసు. ఆయన "ఇంకో ఏడాది ఆగు" అంటే మాత్రం ఆ మాటకే విలువివ్వండి.