బరువు తగ్గాక యాప్‌లో క్యాలరీ టార్గెట్ మార్చాలా?

సందేహం: నాకు 34 ఏళ్లు, ఎత్తు 170 సెంటీమీటర్లు. ఆఫీసులో కూర్చుని చేసే ఉద్యోగం. యాప్ ఇచ్చిన 1,585 క్యాలరీల టార్గెట్‌తో 84 కిలోల నుంచి 76కి వచ్చాను. మూడు వారాలుగా బరువు కదలడం లేదు. టార్గెట్ 1,200కి దించేయమంటారా? స్మార్ట్‌వాచ్‌ని కూడా యాప్‌కి కలిపాను. – ఒక పాఠకుడు

జవాబు: 1,200కి వద్దండి, అంత కోత అవసరం లేదు.

చాలా యాప్‌ల వెనక ఉండేది, శరీరం ఎన్ని క్యాలరీలు ఖర్చు చేస్తుందో అంచనా వేసే మిఫ్లిన్–సెయింట్ జోర్ సూత్రం, 1990లో వచ్చింది. దాని ప్రకారం, కూర్చుని చేసే పనిని కూడా లెక్కలో కలిపితే, 84 కిలోలప్పుడు మీ శరీరం రోజుకు ఖర్చు చేసింది సుమారు 2,085 క్యాలరీలు. ఇప్పుడు 1,989. తేడా వందలోపే. మళ్లీ 500 లోటు రావాలంటే, అంటే ఖర్చు కన్నా 500 తక్కువ తినాలంటే, 1,490 దగ్గర పెట్టుకుంటే సరిపోతుంది. కొత్త బరువు నమోదు చేసినంత మాత్రాన కొన్ని యాప్‌లు టార్గెట్ మార్చవు. గోల్స్‌లోకి వెళ్లి మీరే మార్చాలి.

అయితే బరువు పూర్తిగా ఆగిపోవడానికి ఈ వంద క్యాలరీలు చాలవు, పాత టార్గెట్‌తోనూ 400 లోటు మిగలాలి. నా అనుమానం వాచ్ మీదే. 2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు రకాల ఫిట్‌నెస్ బ్యాండ్లను పరీక్షిస్తే, క్యాలరీల లెక్కలో అన్నిటికన్నా మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పింది. వాకింగ్‌లో 300 ఖర్చయ్యాయని వాచ్ చెబితే, చాలా యాప్‌లు ఆ 300 కూడా తినొచ్చని టార్గెట్‌కి కలిపేస్తాయి. మీ లోటులో చాలా భాగం అక్కడే కరిగిపోతుంది! సెట్టింగ్స్‌లో ఎక్సర్‌సైజ్ క్యాలరీలు కలిపే ఆప్షన్ ఉంటే ముందు అది ఆఫ్ చేయండి. అడుగుల లెక్కకి వాచ్ ఉండనివ్వండి. కూరల్లో, తాలింపులో పోసే నూనె కూడా రాస్తున్నారో లేదో చూసుకోండి, ఒక్క టేబుల్ స్పూన్‌కే దాదాపు 120 క్యాలరీలు.

ఒక్కరోజు బరువు చూసి టెన్షన్ పడొద్దు. ఆవకాయ గట్టిగా తిన్న మర్నాడు ఒంట్లో నీరు నిలిచి బరువు ఎక్కువ చూపిస్తుంది. రోజూ పొద్దున్నే చూసిన బరువుని గూగుల్ షీట్స్‌లో రాసి, యావరేజ్ ఫంక్షన్‌తో వారానికో సగటు తీయండి. ఆప్షన్ ఆఫ్ చేశాక రెండు, మూడు వారాలు ఆ సగటు తగ్గకపోతే అప్పుడు ఇంకో వంద తగ్గించండి.

షుగర్‌కి ఇన్సులిన్‌గానీ మాత్రలుగానీ వాడుతుంటే మాత్రం డాక్టర్‌ని అడగకుండా టార్గెట్ ముట్టుకోవద్దు. మందు డోసు అలాగే ఉంచి తిండి తగ్గిస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోయే ప్రమాదం ఉంది.