ల్యాన్ కేబుళ్ల పనిలో మా అబ్బాయికి భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: మాది ఆమదాలవలస. మా అబ్బాయి ఈసీఈలో డిప్లొమా పూర్తిచేసి, శ్రీకాకుళంలో ఒక కాంట్రాక్టరు దగ్గర స్కూళ్లకు, ఆసుపత్రులకు నెట్‌వర్క్ కేబుళ్లు వేసే పనిలో చేరాడు. మొన్న ఒక స్కూలు ల్యాబ్‌లో కంప్యూటర్లన్నీ ఒక్కసారి ఆగిపోతే రాత్రి పదింటి దాకా అక్కడే ఉండి, ఎవరో ఒకే కేబుల్ రెండు కొసలనూ ఒకే స్విచ్‌కు పెట్టేశారని కనిపెట్టి వచ్చాడట. ఈ తీగలు లాగే పనికోసమా చదివించాం? మా బావమరిది కొడుకు హైదరాబాద్‌లో సైబర్ సెక్యూరిటీ కోర్సులో చేరాడు. లక్షన్నర అప్పు చేసైనా మావాడిని కూడా చేర్పిద్దామనుకుంటున్నాం. అంతా వైఫై అయిపోతుంటే తీగలతో ఇంకా పనేముంటుంది? రెండింటినీ పోల్చి చెప్పగలరు. ఈసెట్ రాయించడం మంచిదా?

జవాబు: అయ్యా, తప్పకుండా పోలుస్తాను. అయితే మీ ఉత్తరంలో మీ అబ్బాయికి ఇప్పుడు జీతం ఎంత వస్తోందో, రెండేళ్లలో ఎంత పెరగవచ్చో తెలుసుకోవాలన్న ఆరాటం కనిపించలేదు. నలుగురిలో 'మావాడు ఫలానా' అని చెప్పుకోవడానికి బరువైన పేరు లేదన్న బాధ మాత్రం ప్రతి వాక్యంలోనూ ఉంది. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో డిప్లొమా పిల్లల తల్లిదండ్రులు నన్ను అడిగే ప్రశ్నల వెనుక ఎక్కువగా ఉండేది ఈ బాధే. దానిని నేను తేలిగ్గా తీసుకోను, కానీ దాని కోసం లక్షన్నర అప్పు చేయవద్దని మొదటే చెబుతున్నాను.

మీరు ఫిర్యాదుగా రాసిన ఆ స్కూలు ల్యాబ్ సంగతి నాకు మీ అబ్బాయి యోగ్యతాపత్రంలా కనిపించింది. స్విచ్ అంటే కంప్యూటర్లను కేబుళ్లతో కలిపే పెట్టె. అది మామూలుగా ఏ పోర్టు (కేబుల్ గుచ్చే చోటు) వెనుక ఏ యంత్రం ఉందో, దాని మ్యాక్ అడ్రస్ అనే గుర్తింపు సంఖ్యను బట్టి నేర్చుకుని, సమాచారాన్ని ఆ పోర్టుకే పంపుతుంది. అందరికీ చేరవలసిన బ్రాడ్‌కాస్ట్ అయితే, వచ్చిన పోర్టును వదిలి మిగిలిన పోర్టులన్నింటికీ పంపుతుంది. ఒకే కేబుల్ రెండు కొసలూ అదే స్విచ్‌లో ఉంటే ఒక కొస నుంచి బయటికి వెళ్లినది రెండో కొస నుంచి లోపలికి వచ్చి, మళ్లీ అన్ని పోర్టులకూ వెళ్లి, ఇలా అంతులేకుండా తిరుగుతూ పెరిగిపోతుంది. 'ఇన్నిసార్లు తిరిగాక ఆగిపో' అని చెప్పే లెక్క ఈథర్‌నెట్ (కేబుళ్ల మీద యంత్రాలు సమాచారం పంపుకునే పద్ధతి) ఫ్రేములో, అంటే ఒకసారికి పంపే సమాచారపు ముక్కలో, లేదు కాబట్టి కొద్ది క్షణాల్లో నెట్‌వర్క్ మొత్తం స్తంభిస్తుంది. దీనిని అరికట్టడానికే రేడియా పెర్ల్‌మన్ 1985లో స్పానింగ్ ట్రీ అనే పద్ధతిని రూపొందించారు. చిన్న స్కూళ్లలో పెట్టే చౌక స్విచ్‌లలో చాలావాటికి ఆ సదుపాయం ఉండదు. కంప్యూటర్లు బాగానే ఉన్నాయి, ఇంటర్నెట్ లైను కూడా బాగానే ఉంది, అయినా ఏదీ పనిచేయడం లేదన్న స్థితిలో ఒక్కొక్క కేబులే విడదీస్తూ కారణం దాకా వెళ్లిన కుర్రవాడిని మీరు పనివాడు అంటున్నారు. నేను ఇంజినీరు కాబోతున్నవాడు అంటాను.

వైఫై గురించి మీ భయానికి ఎక్కువ చెప్పవలసిన పని లేదు. ఆసుపత్రి పైకప్పుకు బిగించిన వైఫై పెట్టెకు సిగ్నలు వచ్చేది కేబుల్ మీదుగానే, చాలాచోట్ల కరెంటు వచ్చేదీ ఆ కేబుల్ మీదుగానే. 2003 నాటి ప్రమాణం ప్రకారం స్విచ్ ఒక్కో పోర్టు నుంచి 15.4 వాట్లు, 2009 నాటి ప్రమాణం ప్రకారం 30 వాట్లు ఇవ్వగలదు. సీసీ కెమెరాలు నడిచేదీ ఇలాగే. 1973లో రాబర్ట్ మెట్‌కాఫ్ జిరాక్స్ పరిశోధనశాలలో మొదలుపెట్టిన ఈథర్‌నెట్ 1983లో సెకనుకు 10 మెగాబిట్ల వేగంతో ప్రమాణంగా స్థిరపడింది. ఇప్పుడు క్యాట్ 6ఏ కేబుల్ మీద 100 మీటర్ల దూరానికి 10 గిగాబిట్లు వెళుతున్నాయి. విశాఖలో పెడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించిన డేటా సెంటర్ గురించి మీరు వినే ఉంటారు. అలాంటి భవనం లోపల ఉండేది వరుసలు వరుసలుగా ర్యాకులు, స్విచ్‌లు, కేబుళ్లే.

ఇక సైబర్ సెక్యూరిటీ. ఆ రంగానికి విలువ ఉందనడంలో నాకు సందేహం లేదు. మూడు నెలల్లో ఎథికల్ హ్యాకర్‌ను చేస్తామని, నూరు శాతం ఉద్యోగం ఇప్పిస్తామని చెప్పి డబ్బు తీసుకునే కోర్సుల మీద మాత్రం చాలా సందేహం ఉంది, దానిని దాచుకోను. లోకల్ నెట్‌వర్క్‌లో జరిగే ఒక పాత మోసం చూడండి. అక్కడ యంత్రానికి ఉండే చిరునామాను ఐపీ అడ్రస్ అని, బయటికి దారి ఇచ్చే యంత్రాన్ని గేట్‌వే అని అంటారు. 'గేట్‌వే ఐపీ అడ్రస్ ఎవరిది?' అని ఒక కంప్యూటర్ అడిగితే, దొంగ యంత్రం ముందుకొచ్చి 'నాదే' అని జవాబిస్తుంది, ఆ తర్వాత ఆ కంప్యూటర్ బయటికి పంపేదంతా దొంగ చేతిమీదుగా వెళుతుంది. ఐపీ అడ్రస్ ఎవరిదో అడిగి తెలుసుకునే పద్ధతి పేరు ఏఆర్‌పీ, దానితో చేసే ఈ మోసాన్ని ఏఆర్‌పీ స్పూఫింగ్ అంటారు. ఏఆర్‌పీ మామూలుగా ఎలా నడుస్తుందో తెలియని విద్యార్థికి ఈ పాఠం ఒక సాఫ్ట్‌వేర్‌లో ఏ బటన్ నొక్కాలో చెప్పే పాఠంగానే మిగులుతుంది. అలాంటి కోర్సులు చేసి సర్టిఫికెట్‌తో వచ్చినవారిని ఇంటర్వ్యూలో స్విచ్‌కు, రౌటర్‌కు తేడా అడిగితే తడబడటం నేను చూశాను. ఆ పిల్లలను నేను తప్పుపట్టను. పునాది వేయకుండా శ్లాబు పోయించిన పెద్దలదే ఆ తప్పు. నూరు శాతం ఉద్యోగం అన్నవారిని, ఆ మాట రాతపూర్వకంగా ఇవ్వమనండి, నిరుడు ఏయే విద్యార్థులు ఏయే కంపెనీల్లో చేరారో చూపించమనండి, వారిలో ఇద్దరితో మీరే మాట్లాడండి.

కటువుగా ఉన్నా ఇంకో మాట. మీ బావమరిది కొడుకు కోర్సులో చేరాడు, ఉద్యోగంలో ఇంకా చేరలేదు. మీవాడు సంపాదిస్తున్నాడు, నేర్చుకుంటున్నాడు, ఆ రాత్రి సమస్య తేలేవరకు ఇంటికి రాలేదు. ఆ సంగతి ఇంట్లో చెప్పినప్పుడు మీరు ఏమని జవాబిచ్చారో ఒకసారి జ్ఞాపకం చేసుకోండి.

మీ భయంలో నిజమున్న భాగం ఒకటి ఉంది. ఏళ్ల తరబడి కేబుల్ కొసలకు కనెక్టర్లు క్రింప్ చేయడం (నొక్కి బిగించడం), పైపుల్లో కేబుల్ లాగడం దగ్గరే ఆగిపోయేవారు ఉన్నారు, వారి జీతాలు పెద్దగా పెరగవు. అక్కడ ఆగకుండా ఉండాలంటే చేతిపనికి తోడు లోపలి సంగతి తెలియాలి. 255.255.255.0 అన్న మాస్క్‌తో (నెట్‌వర్క్ ఎంత పెద్దదో తేల్చే సంఖ్య) ఒక నెట్‌వర్క్‌లో 254 యంత్రాలకే అడ్రస్‌లు ఎందుకు చాలుతాయో, కంప్యూటర్ తనకు తానే 169.254తో మొదలయ్యే అడ్రస్ పెట్టుకుంటే అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ జవాబివ్వలేదని ఎలా గ్రహించాలో, ఒకే స్విచ్‌లో బిల్లింగ్ కౌంటరును, రోగుల బంధువుల వైఫైని వీల్యాన్‌లుగా, అంటే వేర్వేరు నెట్‌వర్క్‌లుగా, ఎలా విడదీయాలో సాయంత్రాలు కూర్చుని నేర్చుకోమనండి. నెట్‌వర్క్‌లను కంప్యూటర్ తెర మీదే కట్టి సాధన చేయడానికి పనికొచ్చే సిస్కో ప్యాకెట్ ట్రేసర్ సాఫ్ట్‌వేర్ ఉచితం, మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. సిస్కో సంస్థ నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ కోసం పెట్టే సీసీఎన్ఏ పరీక్ష వివరాలు అబ్బాయికి తెలిసే ఉంటాయి కాబట్టి ఇక్కడ రాయడం లేదు. ఒక ఏడాది ఇలా గడిచాక సెక్యూరిటీ వైపు మనసు పోతే అప్పుడు వెళ్లవచ్చు, అప్పటికి ఈ పని అంతా అక్కడ ఉపయోగపడుతుంది. ఎటూ వదులుకోనక్కర్లేని దారి కాబట్టే నేను దీనివైపు మొగ్గుతున్నాను.

ఈసెట్ రాయించడం మంచిదే. ర్యాంకు వస్తే ఇంజినీరింగ్ రెండో సంవత్సరంలో చేరవచ్చు, డిగ్రీ అడిగే ఉద్యోగాలకు ఆ మేరకు దారి తెరుచుకుంటుంది. పరీక్షకు ముందు కొన్ని వారాలు సెలవు ఇస్తారా అని కాంట్రాక్టరును అబ్బాయినే అడగమనండి. చేరాలో, పనిలో కొనసాగాలో ఫలితం వచ్చాక అతడే తేల్చుకుంటాడు.