బడికి వెళ్లబోయే బుజ్జిగాడి బట్టల గురించి

చిరంజీవి అమ్మడికి,

పెద్దమ్మ ఆశీస్సులు. బుజ్జిగాడిని వచ్చే నెల ప్రీస్కూల్లో చేరుస్తున్నామని, రోజూ వేసుకెళ్లడానికి ఎలాంటి బట్టలు కొనాలో తోచడం లేదని రాశావు. ఫోన్‌లో చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావు కాబట్టి తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. చిన్నపిల్లల బడిలో ఏళ్ల తరబడి పనిచేసినదాన్ని, పిల్లల బట్టల్లో షాపువాళ్లు చెప్పని సంగతులు నాకు కొన్ని తెలుసు.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఒకటే. ఆ బట్ట వాడంతట వాడు విప్పుకోగలడా? విప్పుకోలేకపోతే అది ఎంత ముచ్చటగా ఉన్నా పండగలకీ ఫొటోలకీ దాచెయ్యి, బడికి వద్దు. ఇంట్లో అయితే వాడు పిలవగానే నువ్వు పరిగెత్తుకొస్తావు. బడిలో టీచరు అదే సమయంలో ఇంకో పిల్లకి ముక్కు తుడుస్తూ ఉంటుంది, మరొకడి గొడవ తీరుస్తూ ఉంటుంది.

మూడేళ్ల పిల్లలకి ఒంటికి వస్తోందని చివరి నిమిషం దాకా పట్టదు. పట్టినా ఆట వదల్లేక బిగబట్టుకుని కూర్చుంటారు. ఆ తర్వాత ఒక్కసారిగా పరుగు. అప్పుడు చేతిలో ఉండే టైము ఎంతో ఊహించుకో. ఆ టైములో నడుము దగ్గర గట్టి గుండీ, దాని కింద జిప్పు, పైన బెల్టు ఉంటే ఏమవుతుంది? భుజాల మీద క్లిప్పులుండే డంగరీ వేసుకొచ్చిన పిల్లల్ని బాత్రూం గుమ్మంలో ఎంతమందిని చూశానో. ఒక కాలి మీద ఇంకో కాలు మెలేసుకుని, గడ్డం కిందికి వంచి, రెండు చేతుల్తో ఆ క్లిప్పుని లాగుతూ ఉంటారు. అది ఊడేలోపే ప్యాంటు తడిసిపోతుంది. తడిసినందుకు కూడా కాదు, పక్కవాడు చూసేశాడని ఏడుస్తారు. పిల్లాడికి ఇంకా అలవాటు కాలేదేమోనని అమ్మానాన్నలకి టెన్షన్. తప్పు పిల్లాడిది కాదు, డంగరీది.

కాబట్టి నడుముకి ఎలాస్టిక్ ఉన్న ప్యాంట్లు, నిక్కర్లే కొను. ఎలాస్టిక్ కూడా చూసి కొనాలి. వాడి రెండు బొటనవేళ్లూ లోపలికి దూరి, ఒక్క లాగుతో మోకాళ్ల దాకా దిగాలి. మరీ బిగుతైతే పొట్ట మీద ఎర్రగా గీత పడుతుంది, కూర్చున్నప్పుడల్లా గుచ్చుతుంది. మరీ వదులైతే పరిగెత్తేటప్పుడు ఒక చేత్తో ప్యాంటు పట్టుకునే పరిగెత్తాలి. నడుముకి బొందు ఉంటే దాన్ని వాడే లాగేసి పీటముడి వేస్తాడు. ఊరికే అలంకారానికి ఉన్న బొందైతే కొన్న రోజే పీకెయ్యి. కాళ్ల మధ్య ప్రెస్ బటన్లుండేవి, పైనా కిందా కలిపి ఒకటే ముక్కగా కుట్టినవి పసిపిల్లలప్పుడు బాగుంటాయి కానీ ఇప్పుడు వాటి పని అయిపోయింది. వాడికి జీన్స్ వేయాలని మీ ఆయన సరదా పడితే, చూడ్డానికి జీన్స్ లాగే ఉండి నడుముకి ఎలాస్టిక్ ఉండేవి దొరుకుతాయి, అవి కొనమను.

ఇక పైన వేసేవి. ఈ వయసు పిల్లలకి ఒంటితో పోలిస్తే తల పెద్దది. మెడ సరిగ్గా సాగకపోతే చొక్కా చెవుల దగ్గర ఇరుక్కుంటుంది, లోపల చీకటి, ఊపిరాడనట్టు ఉంటుంది, ఇక ఆ చొక్కా చూస్తేనే ఏడుపు. అందుకే మెడ బాగా సాగే టీషర్టులు మేలు. ముందువైపు బొమ్మ ఉన్నవైతే ఇంకా మంచిది, ఏది ముందో ఏది వెనకో వాడికే తెలుస్తుంది. చేతులు మణికట్టు దాటి వేళ్ల మీదికి వేలాడకూడదు. చేతులు కడుక్కున్న ప్రతిసారీ తడుస్తాయి, రంగుల డబ్బాలో మునుగుతాయి. పొడుగు చేతులవైతే అంచు దగ్గర కొంచెం పట్టు ఉండి, మోచేతి దాకా తోస్తే అక్కడే ఆగేవి చూడు.

మెడ వెనక లేబుల్ సంగతి చాలామంది పట్టించుకోరు. పెద్దవాళ్లకి అది ఉన్నట్టే తెలియదు, కొంతమంది పిల్లలకి మాత్రం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అదే బాధ. ఎందుకు చికాకు పడుతున్నారో చెప్పడం రాక ఊరికే మెడ గోక్కుంటూ ఉంటారు. కత్తెరతో సగానికి కత్తిరిస్తే మిగిలిన అంచు ఇంకా గుచ్చుతుంది, కుట్టు విప్పి మొత్తం తీసెయ్యాలి. చొక్కా లోపలివైపు తిప్పి బొమ్మ వెనక భాగం కూడా వేళ్లతో తడిమి చూడు. పైకి నునుపుగా కనిపించే ఎంబ్రాయిడరీ లోపల గరుకుగా ఉంటుంది.

హుడ్ ఉన్న చొక్కాలకి మెడ దగ్గర తాళ్లు ఉంటాయి చూశావా, వాటి విషయంలో మాత్రం మొహమాటపడకు. జారుడుబల్ల పైన సందులోనో, బస్సు తలుపులోనో ఆ తాడు చిక్కుకుంటే మెడకి ఉరి బిగుస్తుంది. ఇది నా చాదస్తం కాదు. అలాంటి ప్రమాదాలు జరగబట్టే అమెరికాలో వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ 1996లో పిల్లల బట్టలకి హుడ్ దగ్గర, మెడ దగ్గర తాళ్లు పెట్టొద్దని మార్గదర్శకాలు ఇచ్చింది. యూరప్ ప్రమాణాల ప్రకారం కూడా ఏడేళ్లలోపు పిల్లల బట్టలకి ఆ భాగాల్లో తాళ్లు ఉండకూడదు. ఎవరైనా అలాంటిది బహుమతిగా ఇస్తే తాడు లాగి పారేసి వేసుకోనివ్వు. పూసలు, తళుకులు, వదులుగా వేలాడే గుండీలు కూడా అంతే. పక్కపిల్లలు లాగి నోట్లో పెట్టుకుంటారు. కొనేటప్పుడు ప్రతి గుండీని ఒకసారి గట్టిగా లాగి చూడు.

బట్ట విషయానికొస్తే రోజూ వేసేవి నూలువే ఉండనీ. చెమట పీలుస్తుంది, ఒంటికి మెత్తగా ఉంటుంది. పూర్తిగా పాలిస్టర్‌వి త్వరగా ఆరతాయి నిజమే కానీ చెమట పీల్చవు. నూలులో కొంచెం సాగే దారం కలిపినవైతే మోకాళ్లు వంచడానికి వీలుగా ఉంటాయి. కొత్త బట్టని ఉతక్కుండా ఒంటి మీద వెయ్యొద్దు. అదనపు రంగు, గంజిలాంటి పూత, ముడతలు పడకుండా కొట్టే మందులు దాని మీద ఉంటాయి. పైగా నూలుది మొదటి ఉతుకులో కొంచెం కుదించుకుపోతుంది, పొడవు అప్పుడు చూసుకోవాలి. మీ అక్క పిల్లల పాతబట్టలు ఇస్తానంటే వద్దనకు. పదిసార్లు ఉతికిన బట్ట కొత్తదాని కంటే మెత్తగా ఉంటుంది, కుదించుకుపోవాల్సింది ఎప్పుడో కుదించుకుపోయింది.

ఎదిగే పిల్లాడు కదా అని రెండు సైజులు పెద్దవి తీసుకుంటావేమో, ప్యాంట్ల విషయంలో ఆ పొదుపు వద్దు. ఈ వయసులో ఏడాదికి ఆరేడు సెంటీమీటర్లు ఎదుగుతారు. కొంచెం పొడుగుంటే లోపలికి మడిచి కుట్టు, తర్వాత విప్పుకోవచ్చు. ఊరికే మడిచి వదిలేస్తే మెట్ల మీద జారి కాళ్ల కింద పడుతుంది. లేబుల్ మీద వయసు కన్నా ఎత్తు చూసి కొనడం నయం. ఒకే వయసు పిల్లలు ఇద్దరు ఒకే ఎత్తు ఉండరు. షాపులో వేసి చూసేటప్పుడు అద్దం ముందు నిలబెడితే ఏమీ తెలియదు. గొంతుక్కూర్చోమను, చేతులు పైకెత్తమను, ఒక కాలు స్టూలు మీద పెట్టమను. కూర్చున్నప్పుడు నడుము వెనక జారిపోయినా, చేతులెత్తినప్పుడు పొట్టంతా బయటపడినా పక్కన పెట్టెయ్యి.

బూట్లకి లేసులు వద్దు, వెల్క్రో పట్టీలు చాలు. లేసు కట్టుకోవడం సాధారణంగా అయిదారేళ్లకి గానీ రాదు. పాదం కొలత సాయంత్రం పూట, నిలబెట్టి తీసుకో. కాగితం మీద రెండు పాదాలూ గీసి, పెద్దదాని పొడవుకి ఒక సెంటీమీటరు కలిపి కొను. రెండు మూడు నెలలకోసారి మళ్లీ చూడు, పిల్లలు బూటు నొక్కుతోందని చెప్పరు, వేసుకోనని మారాం చేస్తారు అంతే. కుడి ఎడమ తెలియడానికి ఒక చిన్న ఉపాయం. ఏదైనా బొమ్మ స్టిక్కర్ తీసుకుని సగానికి కత్తిరించి, ఒక్కో సగం ఒక్కో బూటు లోపల, లోపలి అంచు వైపు అతికించు. రెండూ సరిగ్గా పక్కపక్కన పెడితేనే బొమ్మ కలుస్తుంది. సాక్సులన్నీ ఒకే రంగువి కొనెయ్యి, జతలు వెతుక్కునే బాధ ఉండదు.

ఇప్పుడు అసలు పని. కొనడంతో అయిపోలేదు, బడి తెరిచేలోపు వాడికి అలవాటు చేయించాలి. పిల్లలకి విప్పడం ముందు వస్తుంది, వేసుకోవడం తర్వాత వస్తుంది. వేసుకోవడం నేర్పేటప్పుడు మొదటి నుంచి కాకుండా చివరి నుంచి మొదలుపెట్టు. ప్యాంటు నువ్వే కాళ్లకి తొడిగి మోకాళ్ల దాకా తీసుకొచ్చి వదిలెయ్యి, అక్కణ్నుంచి నడుము దాకా వాడు లాక్కోవాలి. పని పూర్తి చేసింది వాడే కాబట్టి పొంగిపోతాడు. అది వచ్చాక చీలమండల దాకా తొడిగి వదులు. ఆ తర్వాత పొట్టి పీట మీద కూర్చోబెట్టి, ప్యాంటు ముందువైపు పైకి కనిపించేలా వాడి ఎదురుగా పరిచి, రెండు కాళ్లూ వాణ్నే దూర్చుకోమను. వెనకవైపు పైకి లాక్కోవడం అందరికీ ఆలస్యంగానే వస్తుంది, ముందు లాగి ఊరుకుంటారు. వాడి చేతులు పట్టుకుని వెనక్కి తీసుకెళ్లి చూపించు.

ముందు తెరుచుకునే స్వెటరు వేసుకోవడం ఇంకా సులువు. లోపలి భాగం పైకి కనిపించేలా నేల మీద పరుచు, మెడ భాగం వాడి కాళ్ల వేళ్ల దగ్గర ఉండాలి. వాడు వంగి రెండు చేతులూ స్వెటరు చేతుల్లో దూర్చి, అలాగే తల మీదుగా వెనక్కి తిప్పేస్తే చక్కగా ఒంటి మీద కూర్చుంటుంది. చూసే పిల్లలకి అదో ఇంద్రజాలం, ఒకడు చేస్తే తరగతంతా మొదలుపెడుతుంది. ఇదంతా బడికి టైమవుతున్నప్పుడు నేర్పకు. సాయంత్రం స్నానం అయ్యాక నేర్పు. రేపేం వేసుకుంటావని రాత్రే అడుగు, అదీ రెండు చూపించి రెండిట్లో ఒకటి తీసుకోమను. బీరువా మొత్తం తెరిస్తే తెల్లారిపోతుంది.

మరకలు పడతాయి. పడకపోతే ఆ బడిలో ఏమీ చేయించడం లేదని అర్థం. ముదురు రంగులు, చిన్న చిన్న ప్రింట్లు ఉన్నవి మరకల్ని కొంత దాచుకుంటాయి. పాలు, రక్తం అంటితే చన్నీళ్లలో నానబెట్టు, వేడినీళ్లు పోస్తే ఆ మరక బట్టకి పట్టేసి ఇక వదలదు. ఉతికే ముందు జేబులు తడుము, గులకరాళ్లు ఉంటాయి. కొత్త చొక్కా పాడుచేసుకున్నావని మాత్రం ఒక్కసారి కూడా అనకు. అలా అనిపించుకున్న పిల్లలు రంగుల బల్ల దగ్గరికి రాకుండా దూరంగా చేతులు కట్టుకుని నిలబడ్డం నేను చూశాను.

సంచిలో ఒక జత బట్టలు, రెండు మూడు చెడ్డీలు, సాక్సులు, తడిబట్టలకి ఒక కవరు ఎప్పుడూ ఉండాలి. సంచిలోవి కూడా వాడికి తెలిసినవే పెట్టు, తడిసి ఏడుస్తున్నప్పుడు కొత్త బట్ట వేసుకోమంటే ఇంకా ఏడుస్తాడు. కొన్ని నెలలకోసారి తీసి సైజు చూడు, చాలామంది చేరినప్పుడు పెట్టినవి అలాగే ఉంచేస్తారు. పేరు చెరిగిపోని మార్కరుతో లోపలివైపే రాయి. పైకి కనిపించేలా రాస్తే దారిన పోయేవాళ్లు కూడా పేరు పెట్టి పిలుస్తారు, పిల్లాడు తెలిసినవాళ్లే అనుకుంటాడు.

మొత్తం మీద ఆరేడు చొక్కాలు, అయిదారు ప్యాంట్లు చాలు. ఒకేసారి కుప్పలుగా కొనకు, మొదటి నెల చూస్తే వాడికి ఏవి ఇష్టమో, ఏవి వేసుకోనని మొండికేస్తాడో తెలుస్తుంది.

స్వెటరు కొనొద్దు, నేను అల్లుతాను. ముందు తెరుచుకునేదే, వాడి వేళ్లకి అందేలా పెద్ద గుండీలు పెడతాను. ఛాతీ కొలత బనీను మీద తియ్యి, చేతి పొడవు మోచెయ్యి కొంచెం వంచి భుజం నుంచి మణికట్టు దాకా తియ్యి. రంగు ఏదో వాణ్నే అడిగి రాయి.

ఇట్లు,
మీ పెద్దమ్మ