రాత్రి పెట్టుకునే ఆర్థో-కె లెన్సులు పిల్లల కళ్లకు మంచివేనా?

పదేళ్ల పాపకి మైనస్ మూడు ఉంది, ఈ లెన్సులు పెట్టుకుని పడుకుంటే పొద్దున అద్దాలు అక్కర్లేదట, నిజమేనా అని ఒకరు అడిగారు.

నిజమే, కానీ సైటు పోదు. ఈ గట్టి లెన్సు నిద్రలో కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) మధ్యభాగాన్ని కాస్త చదును చేస్తుంది, అంటే పైపొర మధ్యలో పలచబడి చుట్టూ మందమవుతుంది, దాంతో పగలు బోర్డు మీద అక్షరాలు అద్దాలు లేకుండానే కనిపిస్తాయి. మానేస్తే కార్నియా మళ్లీ పాత ఆకారానికి వచ్చేస్తుంది. పిల్లల్లో అసలు లాభం వేరే ఉంది, కనుగుడ్డు పొడవు పెరగడం నెమ్మదిస్తుంది, అంటే సైటు పెరగడమూ నెమ్మదిస్తుంది. హాంకాంగ్‌లో 6-10 ఏళ్ల పిల్లల్ని రెండేళ్లు గమనించి 2012లో ప్రచురించిన అధ్యయనంలో ఆ పెరుగుదల అద్దాలు వాడినవాళ్ల కంటే 43 శాతం తక్కువ.

నాకు భయమల్లా ఇన్‌ఫెక్షన్ గురించే. అరుదే, కానీ కార్నియా మీద పుండు పడితే మచ్చ మిగిలి చూపు శాశ్వతంగా తగ్గొచ్చు. లెన్సుకి, దాని డబ్బాకి కుళాయి నీళ్లు అస్సలు తగలనివ్వకండి, వాటిలో అకాంథమీబా అనే కంటికి హాని చేసే సూక్ష్మజీవి ఉండొచ్చు. కన్ను ఎర్రబడినా, నొప్పి పుట్టినా, వెలుతురు చూడలేకపోయినా లెన్సు ఆపేసి అదే రోజు కంటి డాక్టరుకి చూపించండి. రోజూ సబ్బుతో చేతులు కడిగి, ఆరబెట్టుకుని లెన్సు పెట్టి తీసే ఓపిక ఇంట్లో పెద్దవాళ్లకి లేకపోతే మాత్రం అద్దాలే ఉంచండి, సైటు పెరగడాన్ని నెమ్మదింపజేసే తక్కువ మోతాదు అట్రోపిన్ చుక్కల గురించి డాక్టరుని అడగండి.