పాఠకుల ప్రశ్నలు: ఆగమన కాల పఠనాలు

ప్రశ్న: ఆగమన కాలమంటే క్రిస్మస్‌కు సిద్ధపడటమే కదా! మరి మొదటి ఆదివారం సువిశేషంలో పశువుల పాక ఊసే ఉండదు, లోకాంతం మాటలుంటాయి. ఎందుకు? ఇంట్లో ఈ పఠనాలను ఎలా ధ్యానించాలి?
– ఒక సోదరి, గుత్తి

జవాబు: తల్లీ, ఈ కాలం రెండు రాకడలది. డిసెంబరు 16 వరకు పఠనాలు తిరిగి రానున్న ప్రభువు మీద మన చూపు నిలుపుతాయి. 17 నుంచి 24 వరకు బేత్లెహేముకు నడిపిస్తాయి.

2026లో మొదటి ఆదివారం నవంబరు 29. ఆదివారపు పఠనాలు మూడేళ్ళకోసారి తిరిగొస్తాయి; ఆ మూడింటిలో రెండోదైన ‘బి’ సంవత్సరం ఆ రోజుతో మొదలు. సువిశేషం మార్కు 13:33-37. యజమాని ప్రయాణమై పోతూ ద్వారపాలకుణ్ణి మేలుకొని ఉండమంటాడు. సాయంకాలమో, అర్ధరాత్రో, కోడికూత వేళో, తెల్లవారుజామునో, ఆయన ఎప్పుడొస్తాడో తెలియదు. కల్లంలో బుడ్డల కుప్పకు కావలి పడుకున్న రైతుకు దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు. ఆ తర్వాతి అధ్యాయమూ తెరవండి. యేసును బంధించిన రాత్రి గెత్సెమనే తోటలో శిష్యులు నిద్రపోయారు, కోడి రెండోసారి కూసేలోగా పేతురు యేసును ఎరుగనని ముమ్మారు బొంకాడు. మేలుకొని ఉండటం ఎంత కష్టమో మార్కు అక్కడే చూపిస్తాడు.

శనివారం రాత్రి ఇరవై నిమిషాలు కేటాయించండి. ముందు సువిశేషం రెండుసార్లు, పైకి వినబడేలా చదవండి. తర్వాత మొదటి పఠనం. యెషయా 63, 64 అధ్యాయాల్లో ప్రజలు ఆకాశాన్ని చీల్చుకొని దిగి రమ్మని దేవుణ్ణి వేడుకుంటారు. సువిశేషం ఆయన వస్తాడు, మేలుకొని ఉండండి అంటుంది. ఈ రెంటికీ ముడి ఎక్కడ పడిందో ఒక్క వాక్యంలో రాసుకోండి. 80వ కీర్తన పల్లవిని వారమంతా పనిలో ఉండగా అనుకోండి. రెండో పఠనాన్ని అన్నిటికన్నా చివరగా చదివితే చాలు. నాలుగూ ఒక్క గుక్కలో చదివేస్తే ఏదీ నిలవదు. ఫోనులో వచ్చిన ప్రసంగం ముందే విన్నా నష్టమే, వాక్యం కన్నా ముందు ఆ మాటలు మనసులో కూర్చుంటాయి.

ఒక చిక్కుంది. గుడిలో వాడే పఠనాల పట్టికలో యెషయా 63:19 రెండో సగం అని ఉన్నది కొన్ని బైబిళ్ళలో 64:1గా ఉంటుంది. వాటిలో 64:2-7కు బదులు 3-8 చదవాలి.

ప్రశ్న: వారాల లెక్కన చదువుకుంటూ పోతే డిసెంబరు 17 నుంచి గుడిలో చదివేది వేరుగా ఉంటోంది. పైగా 17న ఒట్టి పేర్ల పట్టిక. అందులో ధ్యానించేదేముంది?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: 17 నుంచి వారం లెక్క ఆగి తేదీ లెక్క మొదలవుతుంది. మధ్యలో వచ్చే ఆదివారానికి మాత్రం దాని పఠనాలే. 2026లో 17 గురువారం కాబట్టి మూడో వారపు గురు, శుక్రవారాల పఠనాలు రావు. 17, 18 తేదీల్లో మత్తయి మొదటి అధ్యాయం, 19 నుంచి లూకా మొదటి అధ్యాయం.

17న చదివే ఆ పేర్ల పట్టిక యేసు వంశావళి. అందులో మరియమ్మకు ముందు నలుగురు స్త్రీలున్నారు: తామారు, రాహాబు, రూతు, ఊరియా భార్య. రాహాబు యెరికో స్త్రీ, రూతు మోయాబు స్త్రీ. 13 నుంచి 16 వరకు రాత్రికొకటి చదవండి: ఆదికాండము 38, యెహోషువ 2, రూతు 1, రెండవ సమూయేలు 11. ఆ చరిత్రలు తెలిసి వింటే 17న ఆ పేర్లు ఒట్టి పేర్లుగా వినబడవు. మీ ఊళ్ళో గురువులు (ఫాదర్లు) రాని రోజు ఉపదేశి ప్రార్థన నడిపిస్తుంటే, ముందురోజే ఒకసారి పైకి చదివి చూసుకోమనండి. జెరుబ్బాబెలు దగ్గర తడబడితే వినేవాళ్ళ ధ్యాస చెదురుతుంది.

ప్రశ్న: ఆగమన కాలంలో అల్లెలూయ పాడకూడదా?
– ఒక గాయక బృందం, ఆదోని

జవాబు: పాడాలి. అది మానేది ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు కాలంలో. ఆగమన ఆదివారాల్లో మానేది ‘మహోన్నతమున దేవునికి మహిమ’ గీతం.