ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి ఏసీ ఆయిల్ టెస్టింగ్ ల్యాబ్‌లో చేరొచ్చా?

ప్రశ్న: ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పూర్తయింది. ఏసీ కంప్రెసర్లలో వాడే ఆయిల్ రసాయనికంగా ఎంతవరకు తట్టుకుంటుందో పరీక్షించే ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చింది. ఇంట్లోవాళ్లు ఫార్మాకే వెళ్లమంటున్నారు. ఇందులో ఎదుగుదల ఉంటుందా?

జవాబు: ఉంటుంది. నా మాట అడిగితే చేరమనే చెబుతాను. కాకపోతే ముందుగా కనుక్కోవలసినవి రెండున్నాయి.

బండి ఇంజిన్ ఆయిల్ అయితే ఎప్పటికప్పుడు మార్చుకుంటాం. సీల్ చేసిన ఏసీ కంప్రెసర్‌లో ఆ వీలు లేదు. మొదట పోసిన ఆయిలే రిఫ్రిజిరెంట్‌తో (ఏసీలో చల్లదనాన్నిచ్చే వాయువుతో), రాగి, ఇనుము, అల్యూమినియంతో కలిసి ఆ వేడిలో ఏళ్ల తరబడి చెడకుండా ఉండాలి. అన్నేళ్లు ఆగలేం కాబట్టి సీల్డ్ గ్లాస్ ట్యూబ్ టెస్ట్ చేస్తారు. దీనికి ఏసీ, రిఫ్రిజిరేషన్ ఇంజినీర్ల అమెరికన్ సంఘం ఆష్రే ఇచ్చిన ‘ఆష్రే 97’ అనే ప్రమాణం ఉంది. మందపాటి గాజు గొట్టంలో ఆయిల్, లోహపు ముక్కలు వేసి గాలి తీసేస్తారు. ద్రవ నైట్రోజన్‌తో చల్లబరిచి రిఫ్రిజిరెంట్ ఎక్కించి, గొట్టం మూతిని మంటతో కరిగించి మూసేస్తారు. 175 డిగ్రీల సెల్సియస్ దగ్గర 14 రోజులు ఓవెన్‌లో ఉంచడం మామూలు. బయటికి తీశాక ఆయిల్ రంగు ముదిరిందా, అడుగున మడ్డి చేరిందా, స్టీలు ముక్కకు రాగి పూత పట్టిందా అని చూస్తారు. ఆ తర్వాత యాసిడ్ నంబర్ (ఆయిల్‌లో యాసిడ్ ఎంతుందో చెప్పే అంకె), ఆయిల్‌లో కరిగిన లోహాలు, ఫ్లోరైడ్ కొలుస్తారు.

అసలు కెమిస్ట్రీ ఇక్కడే మొదలవుతుంది. ఈ కంప్రెసర్లలో వాడే పాలీఆల్ ఎస్టర్ ఆయిల్ తేమను ఇట్టే పీల్చుకుంటుంది. ఆ నీటితో ఎస్టర్ విడిపోయి యాసిడ్ పుడుతుంది. యాసిడ్ పెరిగి ఫ్లోరైడ్ కనిపించకపోతే ముందు తేమనే అనుమానించాలి. ఫ్లోరైడ్ కూడా ఉంటే, ఫ్లోరిన్ ఉన్న రిఫ్రిజిరెంట్ విరిగిందేమో చూడాలి. ఇలా కారణం పట్టుకోగలిగిన మనిషికి ఎక్కడైనా గిరాకీ ఉంటుంది.

పని తగ్గిపోతుందన్న టెన్షన్ అక్కర్లేదు. మాంట్రియల్ ఒప్పందానికి 2016లో చేసిన కిగాలీ సవరణ తర్వాత, భూమిని వేడెక్కించే హెచ్‌ఎఫ్‌సీ రిఫ్రిజిరెంట్ల వాడకం దశలవారీగా తగ్గుతోంది. కొత్తగా వస్తున్న ఆర్-1234వైఎఫ్ లాంటి రిఫ్రిజిరెంట్లలో కార్బన్ డబుల్ బాండ్ ఉంటుంది. వాతావరణంలో త్వరగా విరిగిపోవడానికి అదే కారణం. అందుకే సిస్టమ్ లోపల అది ఎలా ఉంటుందో కూడా జాగ్రత్తగా చూసుకోవాలి. ఆయిల్ మారినా, రిఫ్రిజిరెంట్ మారినా పరీక్షలు మళ్లీ మొదటికొస్తాయి.

ఫార్మా దారి కూడా మూసుకుపోదు. తేమను కొలిచే కార్ల్ ఫిషర్ పద్ధతి, గ్యాస్ క్రోమటోగ్రఫీ, అయాన్ క్రోమటోగ్రఫీ అక్కడా వాడేవే. ఇంట్లోవాళ్లకు ఈ మాట చెప్పండి, సగం భయం పోతుంది.

ఇక కనుక్కోవలసినవి. రిపోర్టులో కారణాలు రాసే పని, పాడై తిరిగొచ్చిన కంప్రెసర్లను పరిశీలించే పని మీకు ఎప్పటినుంచి ఇస్తారో అడగండి. మొదటి ఏడాది టైట్రేషన్లే చేయించినా ఫర్వాలేదు, ఎప్పటికీ అదే అంటే మాత్రం ఆలోచించుకోండి. రెండోది, ల్యాబ్ ఒకసారి చూపించమనండి. ఒత్తిడి నిండిన వేడి గాజు గొట్టం పేలే ప్రమాదం ఉంది. గొట్టాలకు లోహపు తొడుగులు, పనిచేసేవాళ్లకు ఫేస్ షీల్డులు లేకపోతే జీతం ఎంతిచ్చినా చేరొద్దు.